వేడి మీద మొరాయించే కారు: తప్పు ఎక్కడుందో తేల్చుకున్న తీరు

పొద్దున తాళం తిప్పగానే అందుకునే ఇంజన్, మధ్యాహ్నం ఎండలో కొంత దూరం తిరిగి వచ్చి ఆపితే మాత్రం మళ్ళీ అందుకోదు. సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, దీపాలు వెలుగుతాయి, హారన్ మోగుతుంది. ఇంజన్ మాత్రం పట్టుకోదు. గంటో గంటన్నరో నీడలో ఉంచితే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. కిందటి వేసవిలో మా కారుకు పట్టుకున్న జబ్బు ఇది. మెకానిక్ షెడ్డుకు తోలుకెళ్ళి, వరుసలో నిలబెట్టి, ఆయన చేతి పని ముగించుకుని వచ్చేసరికి బండి చల్లారి చక్కగా స్టార్టవుతుంది. 'ఏముంది కాకా, బాగానే ఉందిగా' అని పంపేస్తారు.

మేముండేది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా, బల్లార్‌పూర్‌లో. కాజీపేట వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్ళకు బల్లార్షా అంటే తెలుస్తుంది. బొగ్గు గనులకు, కాగితం మిల్లుకు, రైల్వే పనులకు వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. నేను గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాను. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటితే ఎవరూ ఆశ్చర్యపోరు. అమ్మాయి అత్తవారిల్లు ఆసిఫాబాద్. వార్ధా నది దాటి, రాజురా, వాంకిడి మీదుగా వెళ్ళే ఆ దారిలో టీ కోసమో టిఫిను కోసమో ఎక్కడ ఆగినా అక్కడ ఇరుక్కుపోవడం మొదలైంది. చివరికి మా ఆవిడ 'మీరు దిగి టీ తాగండి, నేను ఇంజన్ ఆపకుండా కూర్చుంటాను' అనేదాకా వచ్చింది.

బండి పాత పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. ఇంజెక్షన్ ఇంజన్, కార్బురేటర్ కాదు. ఈ తేడా ముందే చెప్పాలి. ఎందుకంటే వేడి మీద స్టార్ట్ కాదనగానే మా ఊళ్ళో పెద్ద డ్రైవర్లంతా చెప్పే వైద్యం ఒకటే: తడిగుడ్డ కప్పడం. కార్బురేటర్ బండ్లలో ఫ్యూయల్ పంపు ఇంజన్‌కే బిగించి ఉండేది. అది ట్యాంకు నుంచి పెట్రోలును పీల్చుకునేది. పీల్చే గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి, వేడికి అందులో పెట్రోలు ఆవిరై పంపు ఉత్త గాలి కొట్టేది. తడిగుడ్డ అక్కడ నిజంగానే పనిచేసేది. ఇంజెక్షన్ బండిలో పంపు ట్యాంకులోనే మునిగి ఉండి, పెట్రోలును సుమారు 3 బార్ల ఒత్తిడితో ముందుకు నెడుతుంది. ఇక్కడ గుడ్డ ఎక్కడ కప్పాలి?

రెండో సలహా ఇథనాల్ మీద నేరం మోపడం. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరి నుంచి బంకుల్లోకి రావడం మొదలైంది. అప్పటి నుంచి బండికి ఏ రోగమొచ్చినా కారణం అదేనని చెప్పేయడం సులువైపోయింది. ఇథనాల్ కొద్ది పాళ్ళలో కలిసినప్పుడు పెట్రోలు ఆవిరయ్యే గుణం కొంచెం పెరుగుతుందన్నది నిజమే. పాత బండ్ల రబ్బరు భాగాల మాట కూడా కొట్టిపారేయలేం. కానీ అదే బంకులో, అదే పెట్రోలు పోయించుకుని, అదే ఎండలో తిరిగే ఈ ఊరి బండ్లన్నీ మొరాయించడం లేదు కదా. పెట్రోలు గుణం జబ్బును బయటపెట్టి ఉండవచ్చు. జబ్బు మాత్రం బండిలోనే ఉండాలి.

ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే సెల్ఫ్ మోటారు మార్చాలన్నారు, లేదంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ పోయి ఉంటుందన్నారు. ఏ కొలతా తీయకుండా అంత ఖరీదైన రెండు పేర్లు ఎలా చెప్పగలిగారో నాకు అర్థం కాలేదు. గనిలో మోటారు ఆగితే ముందు మీటరు పెట్టి చూస్తాం, ఆ తర్వాతే స్పానరు పట్టుకుంటాం. అదే పద్ధతి ఇక్కడా పాటిద్దామని బండిని ఇంటికి తెచ్చేశాను.

అన్నిటికంటే ముందు ఒక నోటుబుక్కు పెట్టాను. ఎంత దూరం తిరిగింది, ఎంతసేపు ఆపి ఉంచాం, ఎలా స్టార్టయింది అన్నవే అందులో రాసుకున్నాను. కొద్ది రోజుల్లోనే లెక్క కుదిరింది. ఆపిన రెండు మూడు నిమిషాల్లో తిప్పితే వెంటనే అందుకుంటోంది. పావుగంట నుంచి నలభై నిమిషాల మధ్య అయితే అస్సలు లొంగడం లేదు. రెండు గంటలు దాటితే మళ్ళీ మామూలే. దీనికి కారణం ఉంది. ఇంజన్ నడుస్తున్నంతసేపు నీళ్ళు తిరుగుతూ, ఫ్యాను ఆడుతూ వేడిని లాగేస్తాయి. ఆపగానే నీళ్ళ తిరుగుడు ఆగిపోతుంది, ఇనుములోని వేడి మాత్రం ఎక్కడికీ పోదు. అది చుట్టూ ఉన్న సెన్సర్లకు, గొట్టాలకు, పెట్రోలు రైలుకు, అంటే ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టానికి పాకుతుంది. ఆపిన తర్వాత కాసేపు బానెట్ కింద వేడి తగ్గకపోగా పెరుగుతుంది. మా బండి మొరాయించేది సరిగ్గా ఆ సమయంలోనే.

మా ఆవిడ ఇంకో మాట చెప్పింది, అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు గానీ పుస్తకంలో మాత్రం రాసుకున్నాను. పొద్దున పూట కూడా పూర్వంలా టక్కున స్టార్టవడం లేదు, సెల్ఫ్ ఒక క్షణం ఎక్కువ తిరుగుతోంది అని.

ఇక మీటరు పని. ముందు సెల్ఫ్ సంగతి తేల్చాలి. బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులు చూపించింది. ఇంజన్ బాగా వేడి మీద ఉండగా, స్టార్ట్ కాని ఆ సమయంలోనే సెల్ఫ్ కొడుతూ చూస్తే 10 వోల్టుల కిందికి దిగలేదు. ఇంజన్ నుంచి బ్యాటరీకి వచ్చే ఎర్త్ తీగ రెండు కొసల మధ్య కొలిస్తే పడిపోయిన వోల్టేజీ లెక్కలోకి రానంత తక్కువ. వేడికి సెల్ఫ్ మోటారు బిగుసుకుపోయే జబ్బు నిజంగానే ఉంటుంది. అయితే అది ఉన్న బండి సెల్ఫ్ మూలుగుతూ నెమ్మదిగా తిరుగుతుంది, లేదా టక్కుమని ఆగిపోతుంది. మాది హుషారుగా తిరుగుతోంది. ఆ విధంగా సెల్ఫ్ మోటారు బతికిపోయింది.

తర్వాత క్రాంక్ సెన్సర్. ఇంజన్ తిరుగుతోందని కంప్యూటర్‌కు చెప్పేది ఇదే. ఇది నోరు మూసుకుంటే నిప్పు రవ్వ రాదు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు తెరుచుకోవు, ఫ్యూయల్ పంపు కూడా ఆగిపోతుంది. వేడెక్కినప్పుడు లోపలి చుట్ట తీగ తెగినట్టయి, చల్లారాక మళ్ళీ అతుక్కోవడం ఈ సెన్సర్లకు మామూలు రోగం. అందుకే ఎవరైనా మొదట అనుమానించేది దీన్నే. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో గుచ్చే చిన్న బ్లూటూత్ స్కానర్ ఒకటి తెప్పించుకున్నాను. ఫోనులో చూస్తూ సెల్ఫ్ కొడితే, స్టార్ట్ కాని ఆ సమయంలో కూడా ఇంజన్ వేగం నిమిషానికి 200 పైచిలుకు చుట్లు చూపిస్తోంది. అంటే సెన్సర్ మాట్లాడుతోంది. అది సున్నా చూపించి ఉంటే వెతుకులాట అక్కడితో ముగిసేది.

అదే స్కానర్‌తో నీళ్ళ ఉష్ణోగ్రత సెన్సర్‌నూ చూశాను. ఇది అబద్ధం చెబితే చిత్రమైన గొడవ వస్తుంది. ఇంజన్ సలసల కాగుతున్నా 'చల్లగా ఉంది' అని చెబితే, కంప్యూటర్ నమ్మి చలికాలం పొద్దున పోసినంత పెట్రోలు పోసేస్తుంది. ఇంజన్ మునిగిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి తేలికైన ఉపాయం ఉంది. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో తెల్లవారుజామున తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా, నీళ్ళ ఉష్ణోగ్రతను, లోపలికి పోయే గాలి ఉష్ణోగ్రతను చూడాలి. రెండూ దాదాపు ఒకటే ఉండాలి, ఇంట్లో ఉన్న థర్మామీటరుతోనూ కలవాలి. మావి కలిశాయి. వేడి మీద చూస్తే తొంభై పైన చూపించింది, అదీ సరైనదే. ప్లగ్గుల దగ్గర టెస్టర్ పెడితే నిప్పు రవ్వ కూడా ఉంది. కంప్యూటర్ జ్ఞాపకంలో ఒక్క తప్పు కోడూ లేదు. కోడు లేకపోతే బండిలో తప్పు లేదనుకునే మెకానిక్‌లు చాలామంది ఉన్నారు. కంప్యూటర్‌కు తాను కొలిచేవే తెలుస్తాయి. ఇలాంటి మామూలు కార్లలో పెట్రోలు ఒత్తిడిని కొలిచే సెన్సరే ఉండదు.

కరెంటు వైపు అంతా బాగానే ఉంది కాబట్టి మిగిలింది పెట్రోలు. ఇక్కడ దారి రెండుగా చీలుతుంది: పెట్రోలు ఎక్కువై మునుగుతోందా, తక్కువై ఎండుతోందా? రెండింటికీ బయటి లక్షణం ఒక్కటే, ఇంజన్ అందుకోకపోవడం. వైద్యం మాత్రం పూర్తిగా వేరు. దీన్ని తేల్చడానికి పైసా ఖర్చు లేని పరీక్షలు ఉన్నాయి. మొరాయించినప్పుడు యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. చాలా ఇంజెక్షన్ బండ్లలో అలా తొక్కితే కంప్యూటర్ పెట్రోలు ఆపేసి గాలి మాత్రమే పంపిస్తుంది. మునిగిన ఇంజన్ అయితే కాసేపట్లో దగ్గి, నల్ల పొగ కక్కి లేస్తుంది. మాది లేవలేదు. ఒక ప్లగ్గు విప్పి చూస్తే ఎండుగడ్డిలా ఉంది. మునిగి ఉంటే తడిగా ఉండి గుప్పుమని వాసన రావాలి.

రెండో పరీక్షే నన్ను సరైన దారిలో పెట్టింది. తాళాన్ని ఆన్ దాకా తిప్పగానే వెనక సీటు కింద నుంచి సన్నగా జుంయ్ మని శబ్దం వస్తుంది. అది పంపు. సుమారు రెండు సెకన్లు ఆడి ఆగిపోతుంది, ఇంజన్ తిరిగితేనే మళ్ళీ ఆడుతుంది. బండి మొరాయించే సమయంలో సెల్ఫ్ కొట్టకుండా తాళాన్ని ఆన్ చేయడం, శబ్దం ఆగాక ఆఫ్ చేయడం, ఇలా నాలుగైదు సార్లు చేసి, అప్పుడు సెల్ఫ్ కొట్టాను. కొంచెం తడబడి అందుకుంది. మళ్ళీ మర్నాడు మధ్యాహ్నం అలాగే, ఆ తర్వాత ఎప్పుడు చేసినా అలాగే. మా ఆవిడ చెప్పిన పొద్దుటి ఆలస్యం కూడా అప్పుడు అర్థమైంది.

ఇంజన్ ఆపాక పంపు ఆగుతుంది, కానీ గొట్టాల్లోని ఒత్తిడి ఆగిపోకూడదు. పంపు నోటి దగ్గర ఒక చిన్న చెక్ వాల్వు ఉంటుంది. అది పెట్రోలును వెనక్కి పోనీయకుండా పట్టి ఉంచుతుంది. పెట్రోలు ఒకే పదార్థం కాదు, చాలా ద్రవాల మిశ్రమం. అందులో తేలికవి 40 డిగ్రీల లోపే మరగడం మొదలుపెడతాయి, ఇథనాల్ 78 దగ్గర. ఆపిన ఇంజన్ మీద రైలు వేడి అంతకంటే ఎక్కువే ఉండవచ్చు. ఒత్తిడి నిలిచి ఉంటే మరిగే స్థానం పైకి పోతుంది కాబట్టి పెట్రోలు ద్రవంగానే ఉంటుంది. ఒత్తిడి కారిపోతే అక్కడికక్కడే మరిగి రైలంతా ఆవిరి నిండుతుంది. ఇంజెక్టర్లు పెట్రోలుకు బదులు ఆవిరి చిమ్ముతాయి. పూర్వపు ఇంజెక్షన్ బండ్లలో ట్యాంకుకు తిరిగి పోయే గొట్టం కూడా ఉండేది. పంపు ఆడగానే ఆవిరిని ఆ దారిన తోసేసేది. ఇప్పటి చాలా బండ్లలో ఆ గొట్టం లేదు. ఒత్తిడిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ కూడా ట్యాంకులోనే ఉంటుంది. ఇంజన్ దాకా వెళ్ళేది ఒకే గొట్టం కాబట్టి రైల్లోని ఆవిరికి ఇంజెక్టర్లు తప్ప మరో దారి లేదు. అందుకే అంతసేపు సెల్ఫ్ కొట్టాల్సి వచ్చేది. బాగా చల్లారాక ఆవిరి మళ్ళీ ద్రవమైపోతుంది, బండి ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. పొద్దున ఆ ఒక్క క్షణం ఆలస్యం, ఖాళీ అయిన ఒత్తిడిని పంపు మళ్ళీ కట్టడానికి పట్టే సమయం.

ఊహ బాగుంది, కానీ కొలత కావాలి. పెట్రోలు ప్రెషర్ గేజి ఉన్న షెడ్డు కోసం బల్లార్‌పూర్ అంతా తిరిగాను. ప్రతి షెడ్డులోనూ స్కానర్ ఉంది, గేజి లేదు. చివరికి చంద్రపూర్‌లో ఒక కుర్రవాడి దగ్గర దొరికింది. తల్లి మంచిర్యాల వైపు, తండ్రి మరాఠీ. నాతో తెలుగులో, పనివాళ్ళతో మరాఠీలో, కస్టమర్లతో హిందీలో మాట్లాడుతూ పని చేస్తాడు. నా నోటుబుక్కు చూసి నవ్వాడు గానీ పూర్తిగా చదివాడు.

గేజి తగిలించే ముందు చేసిన పనులు చెప్పడం అవసరం, ఎందుకంటే ఇది ఇంటి దగ్గర సరదాకు చేసే పని కాదు. పంపు ఫ్యూజు తీసేసి ఇంజన్‌ను దానంతటదే ఆగిపోయేదాకా నడిపించాడు, గొట్టంలో ఒత్తిడి పోవడానికి. బ్యాటరీ మైనస్ తీగ విప్పాడు. గొట్టం విప్పే చోట గుడ్డ చుట్టాడు. పక్కన మంటలార్పే సిలిండర్ పెట్టుకున్నాడు. అటుగా బీడీ కాలుస్తూ వచ్చిన ఒక లారీ డ్రైవర్‌ను బయటికి పంపించాడు. ఇంత శ్రద్ధ నేను సర్వీస్ సెంటర్లలోనూ చూడలేదు.

గేజి మధ్యలో బిగించి, ఫ్యూజు పెట్టి, తీగ తగిలించి స్టార్ట్ చేస్తే ముల్లు 3 బార్ల దగ్గర నిలబడింది. ఖాళీగా నడిచినా, యాక్సిలరేటర్ తొక్కినా కదల్లేదు. పంపుకు బలం ఉందన్నమాట. ఇంజన్ ఆపాం. ముల్లు నిలవకుండా కిందికి జారడం మొదలుపెట్టింది. టీ తాగి వచ్చేసరికి సున్నా. బాగున్న బండిలో ఆ సమయానికి ఒత్తిడిలో చాలా భాగం మిగిలి ఉండాలి.

కారిపోవడానికి రెండు దిక్కులు: ముందు వైపు ఇంజెక్టర్లు, వెనక వైపు ట్యాంకు. ఇంజెక్టర్ కారుతుంటే ప్లగ్గు తడిగా ఉండాలి. మాది ఎండిపోయి ఉంది కాబట్టి నా అనుమానం వెనకే. కుర్రవాడు ఊహ మీద పోలేదు. మళ్ళీ స్టార్ట్ చేసి ఆపి, గేజికి వెనక ట్యాంకు వైపు ఉన్న రబ్బరు గొట్టాన్ని నున్నటి దవడల క్లాంపుతో నొక్కిపెట్టాడు. ముల్లు ఉన్నచోటే ఉండిపోయింది. క్లాంపు వదలగానే జారింది. దాంతో ఇంజెక్టర్లు నిర్దోషులని తేలింది. దోషం ట్యాంకులో ఉన్న చెక్ వాల్వుదో రెగ్యులేటర్‌దో కావాలి.

ఈ వాల్వు ఒక్కటే విడిగా అమ్మరు. మూడు దారులున్నాయి. బయట గొట్టంలో విడిగా ఒక వన్‌వే వాల్వు బిగించడం మొదటిది, చాలా చవక. ఒత్తిడి ఉండే పెట్రోలు గొట్టాన్ని కోసి మధ్యలో కొత్త అతుకులు పెట్టడం నాకు నచ్చలేదు, వద్దన్నాను. పంపు మోటారు మాత్రమే మార్చడం రెండోది. కానీ తప్పు రెగ్యులేటర్‌లో ఉంటే డబ్బు దండగ. పైగా బజారులో దొరికే పేరు లేని పంపుల్లో వాల్వు ఎన్నాళ్ళు నిలుస్తుందో ఎవరూ హామీ ఇవ్వరు. మూడోది పంపు, ఫిల్టరు, రెగ్యులేటర్, పెట్రోలు ముల్లు అన్నీ కలిసిన మొత్తం మాడ్యూల్ మార్చడం. మోటారు కంటే మూడింతల ఖరీదు. నాగ్‌పూర్ నుంచి రావాలి. కంపెనీదే తెప్పించమన్నాను. సర్వీస్ సెంటర్ చెప్పిన కంప్యూటర్ ధరతో పోలిస్తే అది చాలా తక్కువ.

మార్చడం పెద్ద పని కాదు. మా బండిలో వెనక సీటు లేపితే మూత ఉంటుంది. కొన్ని బండ్లలో ట్యాంకే దించాలి. ట్యాంకులో పెట్రోలు పావు వంతు కంటే తక్కువ ఉన్నప్పుడు వెళ్ళాను. బొగ్గు లారీల మధ్య తిరిగే బండి కదా, మూత చుట్టూ వేలు మందాన నల్లటి దుమ్ము. అది తుడవకుండా తెరిస్తే అంతా ట్యాంకులో పడుతుంది. విప్పడానికి పట్టినంత సమయం శుభ్రం చేయడానికీ పట్టింది. రింగు కింద ఉండే రబ్బరు సీలు కొత్తది వేయించాను, పాతదే మళ్ళీ వేస్తే కారులో పెట్రోలు వాసన వస్తుందని. పాత మాడ్యూల్ అడుగున ఉన్న జల్లెడ కూడా నల్లబడి ఉంది.

తర్వాత మళ్ళీ గేజి పెట్టమన్నాను. కుర్రవాడికి విసుగొచ్చినా పెట్టాడు. ఇంజన్ ఆపాక ముల్లు జారకపోగా కాస్త పైకి పోయింది. మూసి ఉన్న గొట్టంలో పెట్రోలు వేడికి వ్యాకోచిస్తే ఒత్తిడి పెరుగుతుంది, పట్టు గట్టిగా ఉందనడానికి అదే గుర్తు. అరగంట తర్వాత, సరిగ్గా బండి మొరాయించే సమయంలో, తాళం తిప్పితే ఒక్క తిప్పుకే అందుకుంది. వేసవి అయ్యేదాకా ఆసిఫాబాద్ దారిలో ఎక్కడ టీ తాగినా మళ్ళీ ఆ గొడవ రాలేదు.

ఈ సంగతి కాలనీలో తెలిసి, చంద్రపూర్‌కు ట్యాక్సీ నడిపే మా పక్కింటాయన వచ్చాడు. ఆయన బండికీ ఇదే జబ్బట, నా లాగే పంపు మాడ్యూల్ మార్చేయమంటావా అన్నాడు. అతని బండిలో తాళం ఎన్నిసార్లు ఆన్ చేసి తీసినా లాభం లేదు. వేడి మీద సెల్ఫ్ కొడుతుంటే స్కానర్‌లో ఇంజన్ వేగం సున్నా. ఇది నా జబ్బు కాదు, క్రాంక్ సెన్సర్. ఆ బండిలో ఉన్నది లోపల తీగ చుట్ట ఉండే పాత రకం కాబట్టి మల్టీమీటరుతో కొలవగలిగాం. చల్లగా ఉన్నప్పుడు ఎనిమిది వందల ఓంల చిల్లర, స్టార్ట్ కాని సమయంలో చూస్తే తెగిన తీగ చూపించే అనంతం. సెన్సర్ మీద చన్నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తే మళ్ళీ ఎనిమిది వందలకు వచ్చింది, బండి స్టార్టయింది. తీగ చుట్టకు బదులు చిప్ ఉండే హాల్ రకం సెన్సర్ అయితే ఇలా ఓంలలో కొలిచే వీలు లేదు, స్కానర్‌నే నమ్ముకోవాలి. కొత్త సెన్సర్ వేసుకున్నాడు. అంతకుముందే ఒక షెడ్డులో ఆయన చేత సెల్ఫ్ మోటారు మార్పించి ఉన్నారు. పాతది బాగానే ఉండి ఉంటుంది, అడిగి తెచ్చి ఇంట్లో పెట్టుకో అని చెప్పాను. వెళ్ళి అడిగితే అప్పటికే దాన్ని పాత ఇనుము తూకానికి వేసేశారట.